మూడో పిలుపు

మా అత్త విశ్వాసమ్మ పనిచేసిన చోటికి మిషను వాళ్లు పెట్టిన పేరు ఏదో ఉండేది, గేటు మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. కమలాపురం చుట్టుపక్కల అందరూ దాన్ని ముసలోళ్ల బంగళా అనేవాళ్లు. దిక్కులేని ముసలివాళ్లను చేర్చుకుని, చనిపోయేదాకా అక్కడ చూసుకునేవాళ్లు. కడప నుంచో మద్రాసు నుంచో పెద్దలు చూడడానికి వచ్చేవాళ్లు. నాపరాళ్లు పరిచిన చల్లటి నేలను, పెద్ద పెద్ద కిటికీలను, వేసవిలో నీళ్లు చల్లి కట్టే వట్టివేళ్ల తడకలను మెచ్చుకుని, టీ తాగి పోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. కిటికీ వచ్చి ముసలమ్మను పక్కకు తిప్పి పడుకోబెడుతుందా? తడక వచ్చి పక్కగుడ్డలు ఉతుకుతుందా? అవన్నీ చేసింది మా అత్త. ఆమెను మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. ఆమె తీరూ అలాంటిదే లెండి, ఎవరైనా మెచ్చుకోబోతే మొహం తిప్పుకుని పోయేది.

మా మామ ఎర్రగుంట్ల దగ్గర నాపరాతి గనిలో పనిచేస్తూ రాయి మీద పడి పోయాడు. అప్పుడు మా అత్త చంకలో కొడుకును వేసుకుని బంగళాలో ఆయాగా చేరింది. ఆ కొడుకే నా మొగుడు. రైలు పట్టాల పనిలో చేరి నెలలో సగం రోజులు ఇంటి పట్టున ఉండేవాడు కాదు. నేను కాపురానికి వచ్చిన వారానికే మా అత్త నన్ను బంగళా వంటపనిలో పెట్టించింది. "కోడల్ని కూచోబెట్టి మేపేది మా వంశంలో లేదు" అని చెప్పి మరీ పెట్టించింది. అప్పుడు తిట్టుకున్నాను. ఆ గడుసుదనమే తర్వాత నాకూ అబ్బిందని మా ఆయన అంటాడు.

ఆమె చాకిరీ చూసి తీరాలి. మంచాన పడ్డవాళ్లకు పుండ్లు పడకుండా పూటపూటకూ అటూ ఇటూ తిప్పేది. వీపుకు ఆముదం రాసేది. సంగటి మింగలేనివాళ్లకు మజ్జిగలో పిసికి, గింజ తగలకుండా వడగట్టి, చెంచాతో పట్టేది. చేస్తున్నంతసేపూ తిడుతూనే ఉండేది. "నోరు తెరువు ముసలోడా, నీకు నేనేమన్నా కోడల్నా, బతిమాలను" అంటూ నోట్లో పోసేది. ఆమె తిట్టని రోజు ఒంట్లో నలతగా ఉందా అని ముసలివాళ్లే అడిగేవాళ్లు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వైపు ఎండాకాలపు మిట్టమధ్యాహ్నం అంటే అర్ధరాత్రి కంటే ఎక్కువ భయం. అర్ధరాత్రి కుక్కయినా మొరుగుతుంది. మధ్యాహ్నం వడగాలి లేచాక కుక్క కూడా నోరు తెరవదు. తలుపులన్నీ మూసేసి ఊరు ఊరంతా పడుకుంటుంది. ఆ వేళ దయ్యాలు తిరుగుతాయని, మనిషిని పేరు పెట్టి పిలుస్తాయని నమ్మకం. దయ్యం రెండుసార్లు పిలవగలదట, మూడోసారి పిలవలేదట. కాబట్టి మధ్యాహ్నం ఎవరు పిలిచినా మూడో పిలుపుకు గానీ పలకకూడదు. ముందే పలికినవాళ్లు అమావాస్య దాటరు. ఇది మాకు ఉగ్గుపాలతో పోసిన విద్య. మా పాదిరి అయ్యగారు ఇదంతా సైతాను మాట అని ఆదివారం ఆదివారం చెప్పేవాడు. పెరట్లోంచి మధ్యాహ్నం తాను పిలిస్తే ఆయన కూడా మూడోసారికే పలుకుతాడని ఆయన భార్యే నాతో చెప్పి నవ్వింది. మా తాతల నాడు మతం మారింది గానీ మధ్యాహ్నం మారలేదు.

బంగళాలో పెద్ద హాలు ఒకటి. మధ్యలో ఈతాకుల తడక అడ్డం కట్టి, ఇటు మగవాళ్లనూ అటు ఆడవాళ్లనూ పడుకోబెట్టేవాళ్లు. తడకకు ఇవతల ఆనుకుని దాసన్న మంచం. మా మామతో పాటు అదే గనిలో రాళ్లు కొట్టిన మనిషి. రాతి దుమ్ము మింగి మింగి ఊపిరి పాడు చేసుకున్నాడు. మాట్లాడితే జల్లెడలో ఇసుక పోసినట్టు ఉండేది గొంతు. తడకకు అవతల ఈరక్క మంచం. వేంపల్లె వైపు నుంచి వచ్చిన ఎనభై దాటిన ముసలమ్మ, తుంటి విరిగి నడవలేదు. తడక అడ్డం పెట్టుకునే వాళ్లిద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్లు. సంగటిలో ఉప్పు ఎక్కువైందని ఆయన, తక్కువైందని ఆమె. వండినదాన్ని నేను కాబట్టి ఇద్దరి మీదా నాకు కోపమే.

రెండో యుద్ధం మొదలైన ఏడాది, ఎండలు ముదిరిన రోజులవి. మధ్యాహ్నం అన్నాలు పెట్టేసి, హాలుకు ఎదురుగా వాకిలి అవతల ఉన్న మా గదిలో నేనూ మా అత్తా తలుపు మూసుకుని పడుకున్నాం.

"విశ్వాసమ్మా..."

దాసన్న గొంతు. మా అత్త చటుక్కున లేచింది. తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగింది.

"విశ్వాసమ్మా..."

ఈసారి ఇంకా సన్నగా వినిపించింది. మా అత్త గడియ తియ్యలేదు. చెవి తలుపుకు ఆనించి నిలబడింది. నేను చాప మీద ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాను. మూడో పిలుపు కోసం ఇద్దరమూ చాలాసేపు చూశాం. రాలేదు. "ఏదో మాయదారిది" అని గొణుక్కుంటూ మా అత్త వచ్చి పడుకుంది.

ఎండ వాలాక నీళ్లు తీసుకుని హాల్లోకి పోయింది. దాసన్న సగం ఒళ్లు మంచం మీద, సగం కిందికి వేలాడుతూ ఉంది. నీళ్ల ముంత వైపు చాచిన చెయ్యి అలాగే బిగిసిపోయింది. ముంత చేతికి జానెడు దూరంలో ఉంది.

నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఆ చావు కాదు. ఆ వేళ హాల్లో ఒక్కరు కూడా నిద్రపోలేదు. అందరూ విన్నారు. ఆ పక్క మంచం గాబ్రియేలు తాతకు చూపు లేదు గానీ చెవులు మహా చురుకు. "నువ్వైనా కేకెయ్యలేదా తాతా?" అని అడిగాను.

"గొంతు దాసన్నదే పాపా. అది నాకు తెలుసు. అయితే దయ్యం కూడా మనోళ్ల గొంతుతోనే పిలుస్తాది గదా. ఆయప్ప మూడోతూరి పిలుస్తాడేమోనని అందరం కాసుకోనుంటిమి."

ఆ హాలు నిండా మనుషులు పెదవులు బిగించుకుని, మూడో పిలుపు కోసం ఎదురు చూస్తూ ఉంటే, వాళ్ల మధ్యలో ఆ మనిషి దాహంతో పోయాడు. వాళ్లలో ఒక్కరు మా అత్తను కేకేసి ఉంటే అదే మూడో పిలుపయ్యేది.

మా అత్త ఏడవలేదు. శవానికి స్నానం చేయించింది, గడ్డం గీసింది, ఉతికిన పంచె కట్టింది. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. అందుకే అందరికీ భయమేసింది.

ఆ సాయంత్రమే ఈరక్క మా అత్త కొంగు పట్టుకుని వదల్లేదు. ఆ ముసలమ్మకు చావంటే భయం లేదు, ఒంటరిగా చావడం అంటేనే భయం. దానికి కారణం ఉంది. ధాత కరువులో కొత్తగా పెళ్లయిన మొగుడితో కలిసి కడప దారి పట్టిందట. నడవలేక అతను దారి పక్కన కూలబడితే, ముందున్న గంజి కొట్టానికి పోయి ముంతెడు గంజి తెచ్చింది. తెచ్చేసరికి అతను పోయాడు. ఆమె పోయిన దారి వైపే కళ్లు తెరుచుకుని ఉన్నాయట. అరవై ఏళ్లు దాటినా ఆ కళ్లు మరవలేదు ఆమె.

"మ్మే విశ్వాసమ్మా," అంది ఈరక్క, "దాసన్న పిలిచేది తడకవతల వింటాంటి. నా నోరు కూడా రాలేదు. ఇంగ నా వంతు. నాకు మూడుతూర్లు పిలిసే ఊపిరి ఉంటాదో ఉండదో. నేను ఒంటిగా పోను. నా కాడ నువ్వుండాల."

"ఉంటా అవ్వా. ఒగ పిలుపుకే వస్తా," అని మా అత్త ఆమె చేతిలో చెయ్యి వేసింది.

వేసింది గానీ, ఆ రాత్రి నా పక్కన పడుకుని, "మధ్యాన్నం పిలిస్తే ఎట్ల పాపా?" అంది.

దాసన్నను పూడ్చిపెట్టిన కొద్ది రోజులకు, మళ్లీ అదే వేళకు, హాల్లోంచి పిలుపు వచ్చింది.

"విశ్వాసమ్మా..."

జల్లెడలో ఇసుక పోసినట్టుండే ఆ గొంతే. మా అత్త గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కాసేపటికి రెండోది, సన్నగా. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత హాల్లో అందరూ ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టినవాళ్లందరూ ఒకేసారి వదిలితే వచ్చిన దగ్గు అది. ఆ దగ్గు విన్నాక తెలిసింది నాకు, విన్నది మేమిద్దరమే కాదని.

అది మొదలు. రోజూ రాదు. రెండు రోజులు వచ్చి నాలుగు రోజులు మానేది. మానిన రోజులే ఎక్కువ భయం. నీడ కాళ్ల కిందికి వచ్చే వేళకు ముసలివాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. ఆడవాళ్లు కొంగులు చెవులకు అడ్డం పెట్టుకునేవాళ్లు. గాబ్రియేలు తాత మాత్రం గుడ్డి కళ్లు తడక వైపు తిప్పి కూర్చునేవాడు.

మా ఆయన వచ్చినప్పుడు చెబితే, మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచిలో పావురాలు చేరాయని తేల్చేశాడు. కప్పెక్కి వెతికాడు. పావురం కాదు గదా ఈక కూడా దొరకలేదు. పాదిరి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, తానే ఒక మధ్యాహ్నం హాల్లో కూర్చుంటానన్నాడు. కూర్చున్నాడు. మొదటి పిలుపు అయ్యాక లేచి, వేంపల్లెలో ప్రార్థన కూటం ఉందని గుర్తొచ్చి ఆ మండుటెండలోనే వెళ్లిపోయాడు. బంగళా చూసుకునే దొరసానమ్మ తెలివైన మనిషి, దయ్యాల మాట ఎత్తలేదు. ముసలివాళ్లు పిలిస్తే వినపడడం లేదు కాబట్టి ఇలా జరిగిందని, ఒక్కో మంచానికి కుడి వైపున ఒక్కో ఇత్తడి గంట కట్టించింది. "మెడకు కట్టకుండా మంచానికి కట్టినారు, అంతే సంతోసం" అని ముసలివాళ్లు నవ్వుకున్నారు. ఒక్కరూ వాయించలేదు.

దాసన్న మంచం ఖాళీగా ఉంచడం దండగని, కొత్తగా చేరిన మాబు సాహెబ్‌ను అక్కడ పడుకోబెట్టారు. గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగిన ముసలాయన. ఏ కథా ఆయనకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం దాటాక చాప చుట్టుకుని వరండాలోకి వచ్చి పడుకున్నాడు. ఏమైందని మా అత్త అడిగింది.

"ఆ మంచం మీద జాగా లేదమ్మా," అన్నాడు ఆయన, మర్యాదగా.

ఆ తర్వాత దాని జోలికి ఎవరూ పోలేదు. మా అత్త మాత్రం రోజూ ఆ ఖాళీ మంచం దులిపి, పక్క సర్ది, ముంతలో నీళ్లు పోసి పెట్టేది. ముంతను మంచానికి ఆనించి పెట్టేది.

మనిషి సగమైపోయింది. తిట్లు తగ్గాయి. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఆమెను చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. బయటికి మాత్రం, "ఇట్ల తినకపోతే నువ్వు కూడా మంచం ఎక్కుతావు, నేను మాత్రం నిన్ను తిప్పను" అని కసిరేదాన్ని. ఆమె భయం రెండు వైపులా ఉంది. పలికితే తాను పోతుంది. పలకకపోతే, ఆ పిలుపు ఈరక్కది అయితే, చేతిలో చెయ్యి వేసి చెప్పిన మాట పోతుంది.

ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఒక పొద్దున, మా అత్త ఈరక్కకు తల దువ్వుతూ ఉంటే, నేను పక్కన గిన్నెలు తీస్తున్నాను. ముసలమ్మ హుషారుగా ఉంది. సంగటి ముద్ద మొత్తం తిని, ఉప్పు తక్కువైందని నన్ను ఆడిపోసుకుంది. తర్వాత తడక వైపు చూసి అంది:

"ఆయప్ప అన్ని దినాలు పిలుస్తాండాడు గదా పాపం. ఒగనాడన్నా పలకరాదా మ్మే?"

మా అత్త చేతిలో దువ్వెన ఆగిపోయింది. "దయ్యం అవ్వా అది. మూడోతూరి పిలవదు సూడు."

"ఊపిరాడక సచ్చినోడు. సచ్చినంక మూడోతూరి పిలిసే ఊపిరి యాడ తెస్తాడు?" అంది ఈరక్క. "దయ్యమైతే మాత్రం దప్పిక దప్పిక కాదా?"

మా అత్త జడ అల్లడం ముగించి, ముడి వేసి, ఆ ముసలమ్మ తల కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం గాలి కూడా ఆడలేదు. గదిలో నేల మీద నీళ్లు చల్లుకుని పడుకున్నాం. చల్లిన నీళ్లు చూస్తూ ఉండగానే ఆరిపోయాయి. మా అత్త పడుకోలేదు, చెంబు నిండా నీళ్లు పక్కన పెట్టుకుని కూర్చుంది.

"విశ్వాసమ్మా..."

దాసన్నే. ఈరక్క గొంతు కాదు. ఎవరైనా గుర్తుపడతారు. మా అత్త చెంబు తీసుకుని లేచింది.

నేను ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాను. "పలకాకు అత్తా. అది ఈరక్కవ్వ కాదు. నీకు దండం పెడతా, పలకాకు." ఎందుకు పట్టుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. ఇప్పుడైనా పట్టుకుంటాను. మా అమ్మ నన్ను కని ఇచ్చింది, అంతే. నాకు తెలిసిన అమ్మ ఈమే.

"ఇడువు పాపా," అంది మా అత్త. "ఆ పొద్దు ఈ తలుపు కాడనే నిలబడితి. ఈ పొద్దు రెండోతూరి పిలిపించను."

గడియ తీసింది. వాకిట్లో ఎండ తెల్లగా కళ్లలో కొట్టింది. ఆ ఎండలోకి మొహం పెట్టి, హాలు మొత్తం వినపడేలా, బతికున్న మనిషికి పలికినట్టే పలికింది.

"వస్తాండా దాసన్నా."

ఆమె కాలే వాకిలి మీద చెప్పుల్లేకుండా నడిచిపోయింది. నాకు ఆగడానికి భయం, పోవడానికీ భయం. చివరికి ఆమె వెనకే పరిగెత్తి హాలు గడప దగ్గర నిలబడ్డాను.

ముసలివాళ్లందరూ మంచాల మీద లేచి కూర్చుని ఉన్నారు. వాళ్ల కళ్ల ముందే మా అత్త ఆ ఖాళీ మంచం దాకా పోయి, పట్టె మీద కూర్చుని, "నీళ్లు తెచ్చినా, తాగు" అంది. చెంబు ముందుకు చాచింది. ఆ చెంబు అలా గాలిలో ఉండగా, ఆమె పక్కనే, తడక మీద, గోటితో గీకుతున్న చప్పుడు వినిపించింది. నేను కెవ్వుమనబోయి నోరు నొక్కుకున్నాను. ఆగి ఆగి గీకుతోంది.

మా అత్త తడక ఆకులు వేళ్లతో విడదీసి చూసింది. చూసి ఒక్క ఉదుటున లేచి అవతలికి పోయింది.

ఈరక్క. మూతి ఒక పక్కకు ఈడ్చుకుపోయింది. కుడి చెయ్యి గంట పక్కనే కట్టెలా పడి ఉంది. పక్షవాతం మాటనూ ఆ చేతినీ ఒక్క దెబ్బకు తీసుకుపోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. మిగిలిన ఎడమ చేత్తోనే ఆమె తడక గీకుతోంది. ఆ చప్పుడు మా గదిదాకా వినపడే వీలే లేదు. పక్క మంచాల వాళ్లు చెవులకు కొంగులు అడ్డం పెట్టుకుని ఉన్నారు.

మా అత్త మంచం మీద కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. చెంబులోని నీళ్లతో పెదవులు తడిపింది. "వచ్చినా అవ్వా. ఈడనే ఉండా. యాడికీ పోను," అంటూనే ఉంది. ముసలమ్మ ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకుంది. ఒక కన్ను మూతపడడం లేదు గానీ, రెండో కన్ను మా అత్తను గుర్తుపట్టింది. అది మాత్రం నేను చూశాను. భయం పోయి, అలసిపోయిన పసిపిల్ల చూసినట్టు చూసింది. ఎండ వాలకముందే పోయింది, మా అత్త ఒళ్లోనే.

స్నానం చేయించి పడుకోబెట్టాక, గాబ్రియేలు తాత చేతికర్ర తడుముకుంటూ వచ్చి మా అత్త ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు పలికినాంక నేను చెవొగ్గి కూచోనుంటి. ఆయప్ప రెండోతూరి పిలవలేదు."

ఆ మాటకు మా అత్త గోడకు జారగిలబడి ఏడ్చింది. దాసన్న పోయిన రోజు రాని ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.

అమావాస్య దాటదని అందరూ అనుకున్నారు. నేను రోజూ కొత్త పెళ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నాను, తిట్టించుకున్నాను కూడా. అమావాస్య వచ్చింది, పోయింది. ఆమె తర్వాత ఎన్నో ఏళ్లు బతికింది. ఎవరు ఏ వేళ పిలిచినా పిలుపు పూర్తి కాకముందే పలికేది.

కానీ ఈరక్క పోయిన మర్నాటి మధ్యాహ్నం సంగతి చెప్పాలి. నీడ కాళ్ల కిందికి వచ్చే వేళకు హాలు మళ్లీ నిశ్శబ్దమైంది. మా అత్త గదిలో పడుకోలేదు. చెంబెడు నీళ్లు పెట్టుకుని దాసన్న మంచం మీదే కూర్చుంది. అందరమూ ఊపిరి బిగబట్టాం. ఏమీ రాలేదు. ఎండ జరిగింది. పిలుపు లేదని తెలిసి ముసలివాళ్లు ఒక్కొక్కరే కాళ్లు చాపుకుని పడుకున్నారు. మాబు సాహెబ్ లోపలికి వచ్చి, మంచాన్ని ఒకసారి పరకాయించి చూసి, తన చాప తెచ్చి దాని మీద పరుచుకున్నాడు.

మా అత్త అప్పటికే మంచం దిగి వచ్చి, నీళ్లు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. నేను పోయి చెయ్యి పట్టుకుని, "ఇంగ రాడులే అత్తా, పా" అన్నాను.

"ఇంగోతూరి పిలుస్తాడేమో అనుకుంటి," అంది.

ఆ రోజు ఆ బంగళాలో అందరి గుండెలూ తేలికపడ్డాయి. పిలుపు రాలేదని బాధపడింది మా అత్త ఒక్కతే.